పది గంటల హాజరు

మా ముత్తాత బోధన్ దగ్గర ఏడు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత రోజూ పొద్దున కోటలాంటి మా ఇల్లు, గడి ముందు ఇత్తడి గంట కొట్టించి పనివాళ్ల పేర్లు పిలిపించేవాడు. అందరూ "హాజర్" అన్నాకే చాయ్ ముట్టేవాడు. దయ్యాల మాటెత్తితే మా ఇంట్లో చెంప పగిలేది. నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది రాస్తున్నాను, అంతే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేసేవాణ్ణి. బోధన్ చుట్టుపక్కల చెరకు తూకం కేంద్రాల్లో మా సర్వర్లు తొమ్మిది ఉండేవి. రోజూ పది గంటలకు నా కంప్యూటర్ నుంచి ఒక్కోదానికీ రిక్వెస్ట్ పంపాలి. నడుస్తున్న సర్వర్ తన పేరు, ఎంతసేపటి నుంచి నడుస్తోందో చెబుతుంది. అప్పుడు రిజిస్టర్‌లో "పలికింది" అని రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకం మీదే నా ఉద్యోగం.

రాళ్లవాన పడిన రోజు పిడుగుపాటుకు బోధన్ సర్వర్ కాలిపోయింది. అక్కడి ఆపరేటర్ రాజన్న మర్నాడు సెలవైనా దాన్ని బస్సులో తెచ్చి నా టేబుల్ మీద పెట్టి వెళ్లాడు. మూత తీస్తే లోపలంతా మసి.

ఆ మరుసటి పొద్దున అలవాటుకొద్దీ తొమ్మిదింటికీ రిక్వెస్ట్ పంపాను. తొమ్మిదీ పలికాయి.

బోధన్ సర్వర్ నా మోచేతి పక్కనే ఉంది, ఒక్క వైరు లేకుండా. రాజన్నకు ఫోన్ చేశాను.

"మిషన్ మీ కాడనే ఉన్నది గదన్నా! ఈడ ఖాళీ బల్ల ఉన్నది. ఎందుకు సతాయిస్తవ్?" అని విసుక్కున్నాడు.

ఆ అడ్రసు ఇంకో మిషన్‌కు ఇచ్చామేమోనని వెతికాను. ఇవ్వలేదు. బోధన్ లైను వైరే పీకేశాను. మర్నాడు పది గంటలకు మళ్లీ పలికింది. మేనేజర్‌ను పిలుచుకొచ్చి చూపిస్తే పలకదు. ఆయన వెళ్లిపోయాక ఎన్నిసార్లు అడిగినా పలకదు. మళ్లీ మర్నాడు పదింటికి ఒక్కసారి, అంతే. పళ్లు కొరుక్కుంటూ ప్రింట్లు తీసిపెట్టాను. ఉన్నదున్నట్టు రిజిస్టర్‌లో రాశాను.

నెలాఖరున మేనేజర్ ఆ రిజిస్టర్ నా ముందు పడేశాడు.

"ఏం దొరా, కాలిపోయిన మిషన్ గూడ నీకు హాజర్ చెప్తదా? చూడకుంటనే సంతకాలు గీకినవ్."

ప్రింట్లు చూపించాను. "గవి గూడ నువ్వే టైప్ కొట్టినవ్" అన్నాడు. తప్పుడు రాతలు రాశానని ఒప్పుకుని కాగితం ఇస్తే ఉద్యోగం ఉంటుందన్నాడు. చేయని తప్పుకు మా ఇంట్లో ఎవరూ కాగితం రాసివ్వలేదు. నేనూ ఇవ్వలేదు.

ఇంటికొచ్చి అవ్వతో చెప్పాను. మా అమ్మను మేము అవ్వ అనే పిలుస్తాం. ఆమె ఆశ్చర్యపోలేదు.

"ఎన్నొద్దులు పలికింది?"

ప్రింట్లు లెక్కపెట్టాను. పిడుగు పడిన మర్నాడు సెలవు. ఆ తర్వాతి రోజు నుంచి, పిడుగు పడిన పదకొండో రోజు వరకు. ఆపైన ఒక్కటీ లేదు.

"మీ తాత గట్లనే పిలిపిస్తుండె. పనోడు చస్తే పదకొండొద్దులు వాని పేరు ఇడిశిపెట్టకపోతుండె. పక్కన నిలబడ్డోడు వాని తరఫున హాజర్ అనాలె." నా వైపు తిరిగి అడిగింది: "నీ మిషన్ పక్కన ఎవలున్నరు బిడ్డా?"

నేనొక్కణ్ణే ఉన్నాను. నేను పలకలేదు. ఆ ప్రింట్లు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. చదువుకున్నవాళ్లకు చాలామందికి చూపించాను. ఎవరూ తేల్చలేదు, నాకూ అంతుపట్టలేదు.

ఉద్యోగం పోయిన మూడో నెలలో గడి గంటను పాత ఇత్తడి కొనేవాడికి అమ్మేశాను.