తొమ్మిది బుట్టల పటం

ఈ ఉదయం మా వీధి మలుపులో సైకిళ్లు బాగుచేసే అతను పాత గొలుసుల గుత్తిని రేకు డబ్బాలో పడేశాడు. ఆ గలగలకి నా చేతిలోని టీ ఒలికింది. ఇన్నేళ్లయినా ఆ చప్పుడు వినగానే నాకు రెండు సంగతులు ఒకేసారి తోస్తాయి: ఎవరో గెలిచారని, ఎవరో నన్ను పట్టుకోవడానికి వచ్చారని.

గెలిచిన చప్పుడు అప్పన్న గారిది. మనవాళ్లు ఇప్పటికీ రంగూన్ అనే యాంగోన్‌లో, ఒక సర్వే ఆఫీసులో ఆయన హెడ్ డ్రాఫ్ట్స్‌మన్. నేను ఆయన కింద పటాలు గీసేదాన్ని. అందరూ ఆయన్ని ‘సయా’ అనేవారు. బర్మీస్‌లో గురువుకీ పై అధికారికీ అదొక్కటే మాట. తాతలు గంజాం నుంచి వచ్చారు, ఇల్లు ఆ ఊళ్లోనే చిమిండైంగ్ పేటలో. నా గీత వంకర పోయినప్పుడల్లా వెనక నుంచి తొంగిచూసి, “ఒలే లచ్చిమీ, ఇదేటే, రోడ్డా, వానపామా?” అనేవారు.

ఓడలో పనిచేసే ఆయన తమ్ముడు ఒకసారి ప్లాస్టిక్ పళ్లేల్లాంటి డిస్కులు నాలుగూ, వాటితో ఆడే ఆట నియమాలూ తెచ్చాడు. డిస్క్ గోల్ఫ్ అట. సయా చేపల బజారులో వెదురు బుట్టలు కొని గుంజలకు కట్టి, పైన పాత సైకిల్ గొలుసులు వేలాడదీశారు. విసిరిన డిస్కు గొలుసులకు తగిలి బుట్టలో పడాలి. ఆఫీసు పక్క పార్కులో అలాంటివి తొమ్మిది. సైన్యం పాలనలో, ఐదుగురికి మించి ఒకచోట చేరితే నేరమైన రోజులవి. దారిన పోయేవాడెవడైనా ఆగి చూసినా లెక్క తప్పకూడదని నలుగురమే ఆడేవాళ్లం. ఆఫీసులో మిగిలినవాళ్లు ఎవరికెవరో తెలియనట్టు తలో బెంచీ మీద కూర్చుని, మంచి విసురుకి చప్పట్లు కొట్టలేక దగ్గేవారు. నా విసురుకి ఎవరూ దగ్గిన గుర్తు లేదు. నాకు గురి లేదు, గురువు మాత్రం ఉన్నాడు.

ఒక వానాకాలం గడిచేసరికి పార్కు మధ్యలో ఇసుక బస్తాలతో సైన్యం కాపలా పోస్టు వెలిసింది. మూడు బుట్టలు దాని కింద పోయాయి. ఆట ముగిసిందనుకున్నాం. సయా మాత్రం వారం పాటు భోజనం వేళ అడుగులు కొలుస్తూ తిరిగి, మిగిలిన జాగాలోనే తొమ్మిదీ మళ్లీ ఇరికించారు. “తిన్నగా ఎల్లకపోతే ఏటి? వంపు తిరిగి ఎల్తాది,” అన్నారు.

ఆ కొత్త దారి అందరికీ తెలియాలని నేనొక పటం గీశాను. మా ఆఫీసులో ఏ పటానికైనా అడుగున రెండు గళ్లుండేవి: గీసినవారు, సరిచూసినవారు. తప్పు దొర్లితే జవాబు చెప్పవలసింది సరిచూసినవారే. అది సయా పెట్టిన పద్ధతి. “గీసినోళ్లకి కళ్లలిసిపోతాయి. సూసినోడికేటి రోగం?” అనేవారు. ఆయన్ని ఆశ్చర్యపరచాలని ఈ పటం ఆయనకు చూపించలేదు, గళ్లు ఖాళీగా వదిలేశాను. మిగతాదంతా ఆయన నేర్పినట్టే చేశాను. ఉత్తర దిక్కు, స్కేలు వేశాను. డిస్కు పోస్టు గోడకి తగిలితే ఒక విసురు జరిమానా కనుక, ప్రతి మలుపు నుంచి గోడకి ఎన్ని అడుగులో రాశాను. డిస్కు వెళ్లే దారులు ఎర్ర బాణాలతో చూపించాను. ఆఫీసులో అంత శుభ్రంగా నేనెన్నడూ గీయలేదు. ఆదివారం పొద్దున్నే తెచ్చి మొదటి గుంజకి అతికించాను.

ఆరో బుట్ట దగ్గర సయా విసిరిన డిస్కు పోస్టుని చుట్టివచ్చి గొలుసుల్లో గలగలమంది. బెంచీలన్నీ దగ్గాయి. నేను గెంతుతున్నాను. వెనక బూట్ల చప్పుడైంది. ఇద్దరు సైనికులు, ఒక అధికారి. అధికారి చేతిలో నా పటం.

“ఇది గీసింది ఎవరు?” అని బర్మీస్‌లో అడిగాడు. మెల్లగానే అడిగాడు.

అప్పుడు చూశాను నా పటాన్ని, అతని కళ్లతో. నడుమ సైన్యం పోస్టు. నలువైపుల నుంచీ దానికి దూరాలు. చుట్టూ ఎర్ర బాణాలు.

సయా చేయి చాచి కాగితం తీసుకున్నారు. ఒక్క క్షణం చూశారు. జేబులోంచి పెన్ను తీసి, కాగితాన్ని మోకాలి మీద పరుచుకుని, రెండు గళ్లలోనూ సంతకం చేసి తిరిగి ఇచ్చారు.

“నేనే గీశాను. ఆట కోసం. వీళ్లకేమీ తెలియదు,” అన్నారు బర్మీస్‌లో.

సిరా ఆరకముందే ట్రక్కు ఎక్కించారు. ఎక్కుతూ వెనక్కి తిరిగి, “లచ్చిమీ, డిస్కులు ఏరి పట్టుకెళ్లండే,” అన్నారు, ఆఫీసు తాళాలు అప్పగించినంత మామూలుగా.

ట్రక్కు మలుపు తిరిగాక నాలో మొదట కదిలింది ఏడుపు కాదు, ఊపిరి. ‘నేను కాదు’ అన్న ఊపిరి. సైనికులను చూసినప్పటి కన్నా, ఆ ఊపిరికే నేను ఎక్కువ నివ్వెరపోయాను.

పదకొండు రోజులకి వదిలారు. ఉద్యోగం పోయింది. కుడిచేతి వేళ్లు రెండు మళ్లీ వంగలేదు. తరువాత ఊరి నడుమ పబేడాన్‌లో దుకాణాలకు బోర్డులు రాస్తూ బతికారు, ఎడమచేత్తో.

ఆయన విడుదలై వచ్చారని తెలిసి ఇంటికి వెళ్లాను. దారంతా కూడబెట్టుకున్న మాటలు గడపలోనే తడబడ్డాయి. “సయా, ఆ రోజు నేను...”

ఆయన నన్ను మాట పూర్తి చేయనివ్వలేదు. భార్యని పిలిచారు. “ఇదుగో, ఈ గుంట తెలివి సూడు! నానిలా కన్ను గీటానో లేదో, టక్కున నోరు మూసీసింది. ఇంకోలైతే ‘నానే గీసాను’ అని ముందుకొచ్చి ఇద్దర్నీ ముంచీసుందురు. నీకు గీత రాదు గానీ లచ్చిమీ, సైగ వచ్చే!”

ఆమె నాకు టీ ఇచ్చి తల నిమిరింది. నేను తాగాను.

బతికున్నన్నాళ్లూ ఆయన ఆ కథే చెప్పారు, బోర్డు రాయించుకోవడానికి వచ్చినవాళ్లకి కూడా. నేను తల దించుకుంటే, పొగిడినందుకు సిగ్గుపడుతున్నాననుకుని ఇంకా గట్టిగా చెప్పేవారు. ఆ మెప్పు ఇంకా నా దగ్గరే ఉంది. తిరిగి ఇచ్చేద్దామంటే మనిషి లేడు. ఆయన కన్ను గీటడం నేను చూడలేదు. ఆ సమయంలో నేను నా చెప్పులకేసి చూస్తున్నాను.