ముగ్గు గీత దగ్గర నిలవని సైకిలు

మొన్న పొద్దున కోయంబత్తూరులో మా పీలమేడు వీధిలో ఎవరో సైకిలుకు బ్రేకు వేశారు. ఆ కీచుకు ఎదురింటి కుక్క మంచం కిందికి దూరింది. పక్కింటి మేడ మీద ఆరేసిన వడియాలు జారి కింద పడ్డాయి. ఆ చప్పుడు ఊరవతల ఎక్కడో ఉన్న అవినాశి గుడి గోపురం దాకా వినిపించి ఉంటుందని నా నమ్మకం. మా ఆవిడ చెవులు మూసుకుంది. నేను మాత్రం లుంగీ ఎగ్గట్టుకుని వీధిలోకి పరుగెత్తి, హెల్మెట్టూ నల్లకళ్ళద్దాలూ పెట్టుకున్న ఆ ఐటీ ఆసామి చేయి పట్టుకుని, "చాలా మంచి బ్రేకండి మీది" అన్నాను. ఆయన నన్ను కింది నుంచి పై దాకా ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండా తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. పొడి రిమ్మును కొత్త రబ్బరు పట్టుకున్నప్పుడు పుట్టే ఆ కీచు కోసం ఒకప్పుడు నేను పడిన పాట్లు ఆయనకెలా తెలుస్తాయి?

మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయనకొక టూరింగ్ సైకిలు ఉండేది. దాన్ని వర్ణించడానికి ఒక స్థలపురాణం రాయాలి. పొడుగాటి ఇనుప చట్రం, ముందొక క్యారియరు, వెనకొక క్యారియరు, రెండు పక్కలా వేలాడే సంచులు, ఆ సంచుల్లో స్టవ్వు, గిన్నెలు, దుప్పటి, ఊరగాయ జాడీ. ముందు నుంచి చూస్తే గంగిరెద్దు. వెనక నుంచి చూస్తే ఇల్లు ఖాళీ చేసి పోతున్న సంసారం. ఏటా వానలు వెనక్కి తగ్గగానే మామ దాన్ని తీసి, అన్నూరు మీదుగా మేట్టుపాళయం పోయి, అక్కడి నుంచి నీలగిరి కొండల్లోని కొత్తగిరి ఎక్కి, రెండు రోజులు చలిలో వణికి, మళ్ళీ కిందికి దిగి వచ్చేవాడు. ఘాట్ రోడ్డు గురించి ఎప్పుడూ ఒక మాట అనేవాడు: "ఎక్కేది కాళ్ళ పనిరా. దిగేది బ్రేకు పని. కాళ్ళు మోసం చేస్తే కూర్చోవచ్చు. బ్రేకు మోసం చేస్తే కూర్చునేదానికి నువ్వుండవు."

అట్లాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కొన్నాళ్ళకు మాట తిరిగి వచ్చింది, కాలు తిరిగి వచ్చింది, ఎడమ చేతికి మాత్రం పట్టు పూర్తిగా రాలేదు. ఆ చేత్తో కాఫీ గ్లాసు పట్టుకుంటే, గ్లాసే ఆయన చేతిని పట్టుకుని కాపాడుతున్నట్టుండేది. డాక్టరు నడవమన్నాడు, ఉప్పు తగ్గించమన్నాడు. మామ ఆ రెండూ విని, కొత్తగిరికి ఎప్పుడు పోవచ్చు అని అడిగాడు. డాక్టరు నవ్వాడు. ఆ రోజు నుంచి మామ నవ్వడం మానేశాడు. అరుగు మీద కూర్చుని, గోడకు ఆనించిన సైకిలునే చూస్తూ ఉండేవాడు. అన్నం సగం కంచంలోనే మిగిలేది. అంతకు ముందు ఇంటి కప్పు ఎగిరిపోయేట్టు వినిపించే ఆయన గొంతు, పక్క గదిలోకి కూడా రావడం మానేసింది. ఈ మనిషిని పక్షవాతం చంపలేదుగానీ ఈ అరుగు చంపేస్తుందని నాకు అర్థమైంది. అత్తకు నాకన్నా ముందే అర్థమై ఉంటుంది. ఒక ఉదయం ముగ్గు డబ్బా పట్టుకుని వీధి చివరికి నడిచింది. అక్కడ మా వీధి ఏటవాలుగా దిగి అవినాశి రోడ్డులో కలుస్తుంది. రోడ్డుకు కాస్త ఇవతల, ఈ పక్క నుంచి ఆ పక్కకు ఒక తెల్లటి గీత గీసింది.

"కొత్తగిరికి పోతారో చంద్రునికి పోతారో పోండి. సంచుల్లో బియ్యం నింపుకొని పైనుంచి వచ్చి, ఈ గీత దగ్గర నిల్చి చూపించండి. నిలిస్తే దారిలో తినేదానికి నేనే పులిసాదం కట్టిస్తా. నిలవకపోతే పాత ఇనుం ఆయనకు ఏసేద్దాం. సరిదానా?"

మామ తల ఊపాడు. ఆ ఊపులో చాన్నాళ్ళ తర్వాత ప్రాణం కనిపించింది. ఒకసారి తప్పితే ఇంకో అవకాశం ఉండేట్టు, పరీక్ష ఆదివారం ఆదివారం అని ఖాయమైంది. బ్రేకుల బాధ్యత నా నెత్తిన పడింది. ఎందుకంటే మా వంశంలో ఇంకా స్క్రూడ్రైవరు ఎత్తగలిగిన మగవాణ్ణి నేనొక్కణ్ణే. నా ఉద్యోగం పంపుసెట్ల కంపెనీలో పంపుసెట్ల గురించి మాటలు అమ్మడం. ఆ అర్హతతోనే పనిలోకి దిగాను. రిమ్ముల మీది మడ్డి తుడిచి, పాత రబ్బర్లు పీకేసి, మెత్తటివి కొత్తవి వేశాను. రబ్బరు ముందు కొస రిమ్ముకు వెంట్రుకవాసి దగ్గరగా ఉండేట్టు వంచాను. తుప్పు పట్టిన తీగలు మార్చాను. ఎడమ చేతికి బలం లేదు కాబట్టి, కుడి చేతి బ్రేకు పిడి ఒక్కటి లాగితే రెండు చక్రాలూ పట్టుకునేట్టు రెండు తీగలూ దానికే బిగించాను. ఇదంతా చేస్తుండగా నా గోళ్ళ కింద చేరిన మడ్డితో ఒక ఎకరానికి ఎరువు వేయవచ్చు. గురువారం నేనే ఎక్కి చూశాను. పిడి అట్లా తాకానో లేదో, సైకిలు గోడకు గుద్దుకున్నట్టు ఆగింది. నేను మాత్రం ఆగలేదు, హ్యాండిలు దాటి వెళ్ళి ఎదురింటి తులసి కోటకు సాష్టాంగం చేశాను. నా జీవితంలో అంత ఆనందంగా ఎప్పుడూ పడలేదు.

ఆదివారం మామ ఎక్కాడు. సైకిలు గీత మీదుగా, ఎవరి పెళ్ళికో పోతున్నట్టు, మెత్తగా జారుకుంటూ దాటిపోయింది. కాలు కింద రాసి ఎట్లాగో ఆపాడు. తిరిగి వచ్చి నా వైపు చూసి, "ఏమిరా అల్లుడా, బ్రేకా ఇది, నెయ్యి కారే ప్రసాదమా? చేతిలోకి తీసుకుంటానే జారిపోతా ఉండాది" అన్నాడు.

తర్వాతి వారం రిమ్మును గరుకు కాగితంతో రుద్దాను. గురువారం సింహంలా పట్టింది. ఆదివారం జారింది. ఆ పై వారం మళ్ళీ రుద్ది, ఇంకా ఖరీదైన రబ్బర్లు వేశాను. గురువారం పట్టింది, ఆదివారం జారింది. నాకు నిద్ర దూరమైంది. రాహుకాలం చూశాను, గాలిలో తేమ చూశాను, మామ బరువు చూశాను, చివరికి ఆదివారం భూమి ఏమైనా ఎక్కువ వంగుతుందా అని కూడా ఆలోచించాను. గురువారానికీ ఆదివారానికీ మధ్య ఏం జరుగుతుందో మాత్రం ఆలోచించలేదు. జరిగేది శుక్రవారం. కోయంబత్తూరులో పుట్టిన మా వాళ్ళకు యంత్రమంటే ఇంట్లో ఒక మనిషి. ఆయుధపూజ నాడు ఊరంతా లేతు మిషనుకూ మోటారుకూ గంధం పూస్తుంది. మా అత్తకు అది చాలదు. మామ పడిపోయి లేచిన నాటి నుంచి ప్రతి శుక్రవారం తలకు పోసుకుని, గ్రైండరుకూ, నీళ్ళ మోటారుకూ, కుట్టుమిషనుకూ, ఆఖరున సైకిలుకూ పూజ చేసేది. చక్రాలను కొబ్బరినూనెతో నిగనిగలాడేట్టు తుడిచి, పసుపూ గంధమూ రాసి, కుంకుమ బొట్లు పెట్టేది. ఆ బొట్లు నేను వారం వారం చూశాను. మన ముక్కు మన కంటికి ఎట్లా కనబడదో, మాకు యంత్రం మీద బొట్టు అట్లా కనబడదు.

చివరి ఆదివారం వచ్చింది. ఈసారి కాకపోతే ఇక చాలని మామే అన్నాడు. పాత ఇనుము ఆయనను కూడా తనే పిలిపించాడు. ఆయన తోపుడు బండితో, తక్కెడతో వచ్చి, పెళ్ళికొడుకు తరఫు మనిషిలా ఒక పక్కన నిలబడ్డాడు. అత్త కొత్తగా గీత గీసి అవతల నిలుచుంది. సంచుల నిండా బియ్యం. మామ పైనుంచి దిగడం మొదలుపెట్టాడు. కుడి చేయి పిడిని పిసికేస్తోంది, అది నాకు కనిపిస్తూనే ఉంది. చక్రం మాత్రం కిక్కురుమనడం లేదు. గీత వచ్చింది, పోయింది. అత్త చీర అంచును రాసుకుంటూ సైకిలు వెళ్ళిపోయింది. అవతల అవినాశి రోడ్డు మీద, తిరుప్పూరు బస్సు ఏనుగంత హారను మోగించుకుంటూ వస్తోంది. మామ ఎడమ కాలు నేలను అందుకోలేక గాలిలో తడుముకుంటోంది.

నేను పరుగెత్తాను. నా శరీరం పరుగు కోసం తయారైనది కాదు, విందు భోజనాల కోసం తయారైనది. అయినా వెనక క్యారియరు దొరికింది. అది నన్ను ఈడ్చుకుపోయింది. చెప్పులు ఒకటి తూర్పుకు, ఒకటి పడమరకు పోయాయి. ఇక దిక్కులేక చేతిని చక్రం మీద అదిమాను. ముగ్గురం, అంటే మామా నేనూ సైకిలూ, రోడ్డు అంచున కుప్పగా పడ్డాం. బస్సు మా జుట్టు చెదిరేట్టు గాలి కొట్టి వెళ్ళిపోయింది. సంచి చిరిగి బియ్యం కాలువలా పారింది. నా అరచేయి చూసుకున్నాను. తోలు లేచిన చోట ఎరుపు. తక్కినంతా పసుపు, గంధం, కుంకుమ. కొబ్బరినూనె వాసన. పుట్టినప్పటి నుంచి నా తలకు పెట్టుకుంటున్న వాసన.

మామ పడ్డ చోటు నుంచే, నా చొక్కా పట్టుకుని మెల్లగా అన్నాడు. "చెప్పొద్దురా. ఆమెకు చెప్పొద్దు."

"నీకు తెలుసా మామా?"

"మొదటి వారమే తెలుసు."

"మరి తుడుచుకోవచ్చు కదా. నాతో ఎందుకు ఇన్ని రబ్బర్లు మార్పించినావు?"

"నా ఆయుసు కోసమని ఆమె పెట్టిన బొట్టును నేనెట్ల తుడిచేదిరా? ఆ నూనె మీద కూడా నిలిచే బ్రేకు నువ్వు ఎట్లైనా చేస్తావనుకుంటిని."

అంతలో అత్త వచ్చింది. మామ మోకాలు చూసింది. నా అరచేయి చూసింది. దాచుకోబోయాను గానీ అప్పటికే ఆలస్యమైంది. చక్రం వైపు చూసి అట్లాగే నిలబడిపోయింది. మిల్లు ఫిట్టరు భార్య, నూనె సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తర్వాత రోడ్డు మీదే కూర్చుని, కొంగు చేతిలోకి తీసుకుంది. మామ చటుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకున్నది ఎడమ చేయి. కాఫీ గ్లాసు పట్టని చేయి.

"వద్దు. బొట్టు తుడవకూడదు."

"విడవండి. పెట్టిన చెయ్యే తీస్తా ఉండాది, తప్పులేదు. మీరు పోయినాంక తీసేదానికంటే, ఉండేటప్పుడు తీసేది మేలు." ఆమె కొంగును వేళ్ళకు చుట్టుకుంది. మళ్ళీ తనే అంది, "బండి పరిగెత్తాలనే కదా మొక్కుకుంటాం. నిలవాలని ఎవరు మొక్కినారు ఇంతవరకు?"

మామ వేళ్ళు ఒక్కొక్కటే వదిలాయి. ఆమె రెండు చక్రాలూ, కొంగు నూనెతో బరువెక్కేదాకా తుడిచింది. నేను బ్రేకు రబ్బర్లను గరుకు కాగితంతో రుద్దాను. పాత ఇనుము ఆయన చిరిగిన సంచిని తన గోనెతాడుతో కుట్టాడు. ఎవరూ ఎవరి మొహం చూడలేదు. మామ కుంటుకుంటూ సైకిలును మళ్ళీ పైకి నెట్టుకుపోయాడు. ఆయన దిగుతుంటే నేను కళ్ళు మూసుకున్నాను. అప్పుడు వినిపించింది ఆ కీచు. కాకులు లేచిపోయాయి, పళ్ళు జివ్వుమన్నాయి. కళ్ళు తెరిస్తే, ముందు చక్రం గీతకు జానెడు ఇవతల ఉంది. మామ ఏడుస్తున్నాడు. పాత ఇనుము ఆయన తక్కెడ చంకన పెట్టుకుని, "ఇంకో వీధి చూసుకుంటానమ్మా" అని బండి తిప్పాడు.

అత్త మాట తప్పలేదు, పులిసాదం కట్టింది. ఆ ఏడు మామ కొత్తగిరి పోయాడు. వెనకాలే బస్సులో పోయిన నేను, దిగేటప్పుడు ఒక్కో వంపు దగ్గరా ఆ కీచు విని, బతికాంరా అనుకుంటూ వచ్చాను. ఆ తర్వాత ఇంకొక్కసారి పోయాడు. మూడోసారికి ఆయన లేడు.

సైకిలు ఇప్పటికీ ఆ గోడకే ఉంది. తన నుదుట మానేసిన బొట్టును అత్త శుక్రవారాల్లో దాని బెల్లుకు పెట్టడం మాత్రం మానలేదు. చక్రాలకు చుక్క నూనె తగలనివ్వదు. తొక్కేవాళ్ళు లేరు కదత్తా అంటే, "ఉండనీరా, నిలవాల్సిన చోట నిలవనీ" అంటుంది. ఆ రోజు చక్రాలు తుడిచిన పాత చీర కూడా దాచిపెట్టింది, కొంగున ఆ పసుపు మరక ఇంకా పోలేదు. కాలం చక్రానికి కూడా ఎవరో ప్రతి శుక్రవారం ఇంతే ప్రేమగా నూనె రాస్తూ ఉండాలి, లేకపోతే నేను ఎంత పిసికి పట్టినా అది ఇట్లా కిక్కురుమనకుండా జారిపోదు. దాన్ని తుడవడానికి సరిపోయే కొంగు మాత్రం నాకింకా కనబడలేదు.