ఆ మాట రాయించిన హెల్గా ఆంటీ

నిన్న ఇంగ్లండ్‌లో మా బ్రాక్‌నెల్ స్టేషన్ బయట ఎవరో మౌతార్గాన్ వాయిస్తుంటే నాకు నవ్వాగలేదు. వెంటనే మా కింది ఫ్లాట్ హెల్గా ఆంటీ గుర్తొచ్చింది. బవేరియాలో పుట్టి, ఇక్కడి బళ్లో ముప్పై ఏళ్లు జర్మన్ చెప్పి రిటైరైన మనిషి. ఆవిడ పోయి రెండేళ్లయింది.

అప్పట్లో నేను ఆఫీసుకి కొత్త. నా ప్రొబేషన్ రిపోర్టు రాయాల్సిన జర్మన్ సీనియర్ ఒకరోజు కాల్‌లో, మైక్ ఆపేశాననుకుని, నన్నొక మాటన్నాడు. వెతికి చూస్తే, ఆడవాళ్ల మర్మాంగం పేరుతో తిట్టే పచ్చి బూతు! ఒళ్లు మండి కంప్లెయింట్ రాశాను, ‘ఒక చెడ్డ మాట అన్నారు’ అని. ఏ మాటో రాయకపోతే విచారించలేమని హెచ్‌ఆర్ వాళ్లు తిప్పి పంపారు. కడపలో ఉన్న అమ్మకు ఫోన్ చేశాను. “అట్లాంటి మాట నీ చేత్తో రాస్తావామ్మే? ఇడ్సిపెట్టు” అంది. రాస్తే సిగ్గు, రాయకపోతే నా ఉద్యోగం ఆయన చేతుల్లో.

మెట్ల దగ్గర నా మొహం చూసి ఆంటీ టీకి పిలిచింది. నోటితో చెప్పలేక ఫోన్‌లో చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని, పాఠం చదివినట్టు గట్టిగా చదివింది: “ఫోట్సె.”

నేను కిటికీ మూసుందో లేదో చూసుకున్నాను.

“మధ్యయుగాల్లో దీన్ని ‘వుట్’ అని రాసేవారు. అంతకుముందు ఎక్కణ్ణుంచి వచ్చిందో పండితులకే తేలలేదు. మా బవేరియాలో ఇలాంటి మాటకే నోరని అర్థం, చెంపదెబ్బనీ అంటాం. మౌతార్గాన్‌ని ‘ఫోట్స్‌హోబెల్’ అంటాం, నోటి చిత్రిక అన్నమాట. చిన్నప్పుడు పుట్టినరోజుకి అదే కావాలని చర్చి ముందు అరిచి గోల చేశాను.”

నవ్వుతో నాకు పొలమారింది.

“మరి ఆయన కూడా నోరనే అన్నాడేమో ఆంటీ?”

“ఏ ఊరాయన?”

“హాంబర్గ్.”

“అక్కడ అది తిట్టే. అన్నవాడికి లేని సిగ్గు నీకెందుకమ్మా? ఏదీ, నువ్వను.”

పదిసార్లు అనిపించింది. మొదటిసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గొణిగాను. పదోసారికి, “ఉచ్చారణ భేష్!” అని చప్పట్లు కొట్టింది.

కంప్లెయింట్‌లో ఆ మాట రాశాను. మీటింగ్‌లో అడిగితే పైకీ అన్నాను. ఆయన తల దించుకున్నాడు. నా రిపోర్టు వేరే మేనేజర్ రాశారు, ఉద్యోగం నిలిచింది. ఆ రోజు నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఇప్పుడు కొత్తగా చేరిన అమ్మాయిలు నా దగ్గరికొస్తారు. “అక్కా, ఏదో బ్యాడ్ వర్డ్ అన్నాడు” అని నసుగుతారు. “ఏ మాటో రాయి తల్లీ” అంటాను. రాసేదాకా పక్కనే కూర్చుంటాను.