ఊడ్వని ఆకులు

బెంగాలీలుండే సాల్ట్ లేక్‌కు బదిలీ అయి వచ్చిన మొదటి ఏడాది, బ్యాంకుకు వెళ్లే ముందు మా ఇంటి దగ్గరి చెరువు గట్టున నడిచేదాన్ని. గట్టు చివర చిన్న అడవిలాంటి చోటు ఉంది. ఎవరూ నాటకుండానే పెరిగిన చెట్లు, తీగలు, కింద చీలమండల లోతున ఎండుటాకులు.

అక్కడ ఊడ్చే మునిసిపాలిటీ ఆవిడది తెలుగే. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారట. దారంతా అద్దంలా ఊడ్చేది గానీ, ఆ చెట్ల కింద మాత్రం చీపురు ఆనించేది కాదు.

"ఇక్కడెందుకు వదిలేస్తున్నావక్కా?" అని ఒకరోజు అడిగాను.

"ఏటి ఊడుస్తానమ్మా, లోపల పిల్లలున్నాయి కదా," అంటూ గొంతుక్కూర్చుని ఒక ఆకు తిరగేసింది. వడ్లగింజ కంటే కొంచెం పెద్దగా, గోధుమరంగు గూడు అంటుకుని ఉంది. "చిమ్మటలు. వాన పడ్డాక రెక్కలొచ్చి లేస్తాయి. కిందటేడు తెలీక ఆకులన్నీ కుప్పచేసి తగలెట్టీసినాను. ఒకటి సగం కాలిన రెక్కతో పాక్కుంటా బయటికొచ్చింది. ఆ పొద్దు నాకు అన్నం దిగలేదు."

మరుసటి వారం ఆవిడ పైఅధికారి వచ్చి, ఆ చెత్త ఇంకా ఎందుకుందని గట్టిగా అడిగాడు. ఆవిడ తల దించుకుని నిలబడింది. నాకు వచ్చిన కాస్త బంగ్లా భాషలో, అన్నా అన్నట్టుగా, "దాదా, ఒక్కసారి ఇది చూడండి," అని గూడున్న ఆకొకటి తిరగేసి చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని వంగాడు. గూటిలో ఏదో మెదిలింది. చాలాసేపు చూశాడు. "వానలు పడేదాకా ఉండనీ," అని ఆవిడతో చెప్పి వెళ్లిపోయాడు.

తొలివాన కురిసిన మర్నాడు పొద్దున్నే ఆవిడ దూరం నుంచే నన్ను చేతితో పిలిచింది. వేలిగోరంత చిమ్మట ఒకటి ఆకు మీద కూర్చుని ఉంది. తడిసిన కాగితంలా ముడుచుకున్న రెక్కలు మా కళ్ల ముందే మెల్లమెల్లగా సాగాయి. అచ్చం ఎండుటాకు రంగు, ఆకుకున్నట్టే ఈనెలు కూడా. కాసేపటికి పై రెక్కలు కొంచెం జరిపింది. కింద మండుతున్న నారింజరంగు.

"అటు చూడమ్మా," అంది ఆవిడ, పక్కనున్న చెట్టు మొదలు చూపించి.

మొదట బెరడే కనిపించింది. తర్వాత ఒక రెక్క, ఇంకొకటి, మరో పది. చెట్టు మొదలంతా అవే. ఆకుల మీదా అవే. ఎక్కడ కాలు పెట్టాలో తెలియక, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఒక్కో అడుగూ చూసుకుంటూ బయటికి వచ్చాం.