మంచులో కనిపించిన ఊపిరి

ప్రొకోపీకి అరవై ఎనిమిదేళ్లు. లీనా నదికి ఇవతలి అడవిలో అతను ఉచ్చు పెట్టని కుందేలు దారి లేదు. అంతటివాడూ ఒక్కచోట పొరబడ్డాడు. ఆ పొరపాటు పోయి ఇంకొకడి మెడకు చుట్టుకుంది.

జనవరిలో, ఉమ్మితే నేల తాకేలోపే గడ్డకట్టే చలిలో, ఉచ్చులు చూసుకుని వస్తున్నాడు. జంట కొమ్మల లార్చి చెట్టు పక్కన మంచులోంచి సన్నగా ఆవిరి లేస్తోంది. చుట్టూ పుల్లల మీద పసుప్పచ్చటి మంచు నూగు. ముక్కు మీదాకా మఫ్లరు చుట్టుకున్నవాడికి వాసనేం తెలుస్తుంది? చలికాలమంతా నిద్రపోయే ఎలుగుబంటి గుంట, ఆ ఆవిరి దాని ఊపిరి అనుకున్నాడు. అక్కడ దాన్ని పేరు పెట్టి పిలవరు, తాత అంటారు. తాత పడుకున్న చోటు ఎవరికీ చెప్పకూడదు. చెబితే ఆయన వింటాడు, పగబడతాడు. ప్రొకోపీ చెవులు తెగిపోతున్నా టోపీ తీసి, "పడుకో తాతా, నేనేం చూడలేదు" అని వంగి, చప్పుడు చేయకుండా వచ్చేశాడు. ఆ రోజంతా సంబరంగా ఉన్నాడు కూడా.

మే నెలలో అడవి అంటుకుంది. అతని అక్క అకులీనా పచ్చిక బయలు చుట్టూ చెట్లన్నీ పోయాయి. చెట్లతో ఆగితే బాగుండేది. నాచు కాలింది, నాచు కింది మన్నూ కాలింది. నేల కప్పుకున్న బొంత పోయేసరికి, అడుగున ఏనాడూ కరగని మంచుగడ్డకు వేడి తగిలింది. బయలు కుంగింది. వాళ్ల అమ్మమ్మ నాటినుంచి మాంసం దాచుకునే నేలమాళిగలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి.

"ఆ గవ్రీల్ గాడే! బాతుల వేటకెళ్లి టీ కాచుకుని నిప్పు ఆర్పకుండా వచ్చాడు. వాడి చేతులు పడిపోను!" అంటూ అకులీనా ఆ పొరుగువాడి గుమ్మం ముందు ఉమ్మేది. కుండకు మూకుడుంది గానీ లోకం నోటికేదీ? ఊరంతా ఆమెకు వంత పాడింది. గవ్రీల్ గడ్డి కోతకు ఒక్కడూ సాయం రాలేదు.

సెప్టెంబరులో తుయారా అనే అమ్మాయి నేలను పరీక్షించడానికి పట్నం నుంచి వచ్చింది. ప్రొకోపీ దారి చూపించాడు. ఆమె మాడిన చెట్టు దగ్గర కూర్చుంది. దాని వేళ్లు గాలిలో వేలాడుతున్నాయి. వేరు నుంచి నేలదాకా కొలిచింది. జానెడు పైనే.

"ఇంత మన్ను పొగైపోయింది, పెదనాన్నా. వేల ఏళ్లుగా రాలిన ఆకులూ వేళ్లూ చలికి కుళ్లకుండా దాగిన కర్బనం ఇదంతా. చెట్టయితే మీ మునిమనవల కాలానికి మళ్లీ లేస్తుంది. ఇది లేవదు."

"ఒక్క టీ మంటకే ఇంతా?"

"టీ మంటెక్కడిది! ఇది నిరుటి కార్చిచ్చు. మన్నులోకి దిగి, చలికాలమంతా మంచు కింద రాజుకుంటూనే ఉంది. పైకి పొగ వచ్చే ఉంటుంది. ఒక్కరు చూసి చెప్పినా, తవ్వి ఆర్పేవాళ్లు."

ప్రొకోపీ తలెత్తాడు. ఎదురుగా జంట కొమ్మల చెట్టు మోడు, దాని పక్కన బూడిద గుంట. తేలు కుట్టిన దొంగలా ఇల్లు చేరాడు. మూడు రోజులు చేపల చారు ముట్టలేదు. నాలుగో రోజు అక్కకు చెప్పేశాడు.

"అయితే వేసవంతా నేనుమ్మింది ఎవరి గుమ్మం మీదరా?" అంది అకులీనా. గిన్నెడు వెన్న తీసుకుని లేచింది. ఇద్దరూ వెళ్లారు.

గవ్రీల్ అంతా విన్నాడు. తిడతాడనుకున్నారు. వాడు బల్ల మీద కూలబడ్డాడు.

"ఆ టీ మంట మీద రెండుసార్లు నీళ్లు పోశాను, పెద్దాయనా. కాలితో తొక్కాను. ఊరంతా నువ్వే నువ్వే అనేసరికి, పోయలేదేమో, తొక్కలేదేమో అనిపించింది. పోయినవారం మా ఆవిడ దగ్గర ఒప్పేసుకున్నా కూడా, నేనే తగలబెట్టానని."

తలెత్తి అడిగాడు. "మంచులో ఆ పొగ కనిపించినప్పుడు నీకు భయం వేయలేదా?"

ప్రొకోపీ చేతుల్లో టోపీ నలుపుతూ నిలబడ్డాడు.

"లేదురా. దణ్ణం పెట్టాను."