పసుపు మరకలు

మే నెల వచ్చిందంటే మెక్సికోలోని మా సొనోరా కొండల్లో ఆడవాళ్లు పొద్దు వాలకముందే ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకుంటారు. గుహలోంచి వచ్చే గబ్బిలాలు జెముడు పూల తేనె తాగి, తిరిగి వెళ్తూ పసుపుపచ్చ రెట్టలు వేసిపోతాయి. ఎంత ఉతికినా పోవు. ఓబ్దూలియా అత్త మాత్రం ఒక దుప్పటి తీగ మీదే వదిలేసేది.

"ఏమత్తా, గబ్బిలాలకి పక్క పరుస్తున్నావా?" అని పక్కింటి చోలే ఎగతాళి చేసేది.

"ఆ మరకలే నాకు తిండి పెడతాయే తల్లీ," అని నవ్వేది అత్త.

నిజమే. భర్త పోయాక ఆవిడ బతుకంతా జెముడుకి కాసే పితాయా పండ్ల మీదే. ఆ జెముడు పువ్వు రాత్రి విచ్చుకుని, ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. ఆలోగా గబ్బిలం మూతికంటిన పుప్పొడి తగిలితేనే కాయ. తొలి గంప మాత్రం ఆవిడ అమ్మేది కాదు. మంచాన పడ్డవాళ్ల ఇళ్లలో పంచి, దేవుడికి దణ్ణం పెట్టుకుని వచ్చేది.

ఆ ఏడు ఆవిడ చెల్లెలి కొడుకు ఎవారిస్తో అనేవాడి దూడ వెనక కాళ్లు పడిపోయి, నురగ కక్కుతూ చచ్చింది. మెడ మీద పంటి గాట్లు. నెత్తురు తాగే గబ్బిలాల పని. అత్త చిక్కుడుగింజల పులుసు పట్టుకెళ్లేసరికి వాడు గాడిద మీదకి పాత టైర్లు ఎక్కిస్తున్నాడు.

"గుహలో పొగ పెడతా పెద్దమ్మా. ఒక్కటీ మిగలకూడదు."

"ఒరే నాయనా, అక్కడున్నవి తేనె తాగేవిరా. పిల్లతల్లులు. నెత్తురు తాగేవి ఉన్నచోట నేల రెట్టలతో నల్లగా, తారులా ఉంటుంది. చూసి మరీ చెయ్యి."

"గబ్బిలం గబ్బిలమే. నీ పళ్లు నీకు ముద్దు, నా దూడ నాకు ముద్దు కాదా?"

అత్త గిన్నె వాడి చేతిలో పెట్టింది. "పులుసు తాగి వెళ్లు," అంది. వాడు తాగాడు, గిన్నె కడిగిచ్చాడు, వెళ్లాడు.

అత్త ఆయాసపడుతూ కొండెక్కేసరికే గుహ నోట్లోంచి నల్లటి పొగ వస్తోంది. టైర్లు పెట్టడానికి లోపలికి పాకిన ఎవారిస్తో వెలుగులోకి వచ్చి తన మోకాళ్లు చూసుకుంటున్నాడు.

"పసుపే పెద్దమ్మా," అన్నాడు చిన్న గొంతుతో.

మళ్లీ లోపలికి దూరి, మండుతున్న టైర్లని ఉత్త చేతులతో ఈడ్చుకొచ్చాడు. అత్త తలగుడ్డ చింపి వాడి అరచేతులకి కట్టింది. ఇద్దరూ సందె చీకట్లు పడేదాకా కూర్చున్నారు. పొగ తప్ప ఏదీ బయటికి రాలేదు.

ఆ సాయంత్రం కొండ మీది పొగ చూశాక, ఎవరూ ఎవరికీ చెప్పలేదు గానీ, ఊళ్లో ఒక్క ఆడదీ బట్టలు తీయలేదు.

తెల్లారింది. జెముడు చెట్ల మీద పూలు పుప్పొడి అంటకుండానే ముడుచుకుంటున్నాయి. తీగల మీద బట్టలన్నీ తెల్లగా, శుభ్రంగా ఊగుతున్నాయి. అత్త తన దుప్పటి అటూ ఇటూ తిప్పి చూసింది.

తన బట్టలు తీయడానికి వచ్చిన చోలే చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇంకో రాత్రి ఉంచుదాం అత్తా," అంది.