కొట్టంలోని నీలం చీర

మా బడిలో ఎనిమిదో తరగతికి తెలుగు చెబుతాను. ఈమధ్య ఒక పిల్ల లేచి, "టీచర్, ప్రేమకూ వాత్సల్యానికీ తేడా ఏంది?" అని అడిగింది. వత్సం అంటే దూడ, దూడ మీద ఆవుకుండే ప్రేమ వాత్సల్యం, అక్కడి నుంచి అది తల్లి ప్రేమకు పేరైంది అని బోర్డు మీద రాశాను. పిల్లలంతా బుద్ధిగా నోటుబుక్కుల్లో ఎక్కించుకున్నారు. నాకే తృప్తి కలగలేదు. దాని అర్థం నాకు తెలిసింది పుస్తకంలో కాదు, కార్వాన్‌లో మా అత్తగారి బర్రెల కొట్టంలో. అక్కడ దాని పేరు చేపు.

దూడ మూతితో పొదుగును పొడిస్తే, ఒక్కోసారి దాని వాసన తగిలినా సరే, తల్లికి పాలు చన్నుల్లోకి దిగుతాయి. అదే చేపు. బర్రె చేపకపోతే ఎంత పిండినా చుక్క రాదు. మా అత్తమ్మ ఈ మాటను తనకూ వాడుకుంటుంది. గల్లీలో ఎవరి పిల్ల ఏడ్చినా, "నాకు పానం చేపుకొస్తది బిడ్డా" అంటూ పొయ్యి మీది కూర వదిలేసి బయటికి నడుస్తుంది. ఆ కూర మాడకుండా చూడటం నా వంతు.

కోడలిగా వచ్చిన కొత్తలో నాకివేవీ తెలియవు. మా పుట్టింట్లో పాలంటే పాకెట్టే. పైగా నాకు శుభ్రం పిచ్చి. కొట్టంలో మేకుకు ఒక పాత నీలం చీర వేలాడుతుండేది, పేడ మరకలతో, పాల మరకలతో. అత్తమ్మ రెండు పూటలా అది చుట్టుకునే పాలు పిండేది. ఒకరోజు ఆమె మాదన్నపేటలో చుట్టాలింటికి వెళ్ళగానే, నా పనితనం చూపిద్దామని దాన్ని సబ్బునీళ్ళలో నానబెట్టి, బండకేసి బాది, మిద్దె మీద ఆరేశాను. నీలం రంగు మళ్ళీ బయటపడింది. మెచ్చుకుంటుందని సాయంత్రం దాకా ఎదురుచూశాను.

సాయంత్రం అత్తమ్మ ఆ చీర చుట్టుకుని నల్ల బర్రె దగ్గర కూర్చుంది. మూడు వారాల కింద దాని దూడ చచ్చిపోయింది. బర్రె చీరను వాసన చూసి ముఖం తిప్పుకుంది. తవుడు పెట్టినా, పొదుగును వేడినీళ్ళతో కడిగినా చేపలేదు. చివరికి బకీటును తన్నేసింది.

"చీర ఉతికినవా బిడ్డా?"

తలూపాను.

"దుడ్డె పుట్టిననాడు గీ కొంగుతోనే తుడిచిన. గా వాసనొక్కటే మిగిలె దానికి."

కోపంగా అన్నా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. చచ్చిన దూడను ఆ తల్లికి నేను రెండోసారి లేకుండా చేశాను.

పొద్దున కూడా చుక్క రాలేదు. పొదుగు బండలా గట్టిపడింది. "గిట్లనే ఉంటే బర్రె ఖరాబైతది. సూది ఏపిద్దాం, పాలు అవే దిగుతయ్" అన్నాడు మామయ్య. సూదితో గుంజుకోవడం తనవల్ల కాదంది అత్తమ్మ.

నా నోరు ఊరుకోలేదు. "చీరతోని నమ్మించుడు మాత్రం మోసం కాదా అత్తమ్మా?"

"అబద్ధమెట్లయితది? వాసన దాని బిడ్డదే గద" అని, నీలం చీర విప్పి నా చేతిలో పెట్టింది. "పోగొట్టింది నువ్వే, ఇగ నువ్వే కూసో. నిన్నన్న అలవాటు చేసుకుంటదేమో చూద్దాం. సాయంత్రం దాక చూస్త, గప్పటికి చేపకపోతే సూదే."

ఆ రోజంతా కొట్టంలోనే ఉన్నాను. పచ్చగడ్డి చేత్తో తినిపించాను, మెడ కింద నిమిరాను, పొదుగుకు వేడిగుడ్డ పెట్టాను. మోకాలి మీద ఒక తన్ను కూడా తిన్నాను. పాలకు గిన్నె తెచ్చిన పక్కింటి ఖాలా, "భైంస్ రూఠ్ గయీ క్యా, బర్రె అలిగిందా?" అని నవ్వుకుంటూ ఖాళీ గిన్నెతో వెళ్ళిపోయింది. ఎవరూ లేనప్పుడు బర్రె చెవి దగ్గర తప్పయిందని చెప్పుకున్నాను. నాకే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

దీపాలు పెట్టే వేళకు అది మెడ తిప్పి, గరుకు నాలుకతో నా చేతిని మోచేయి నుంచి మణికట్టు దాకా నాకింది. మళ్ళీ మళ్ళీ నాకింది. నా రెండో చేయి కింద పొదుగు మెత్తబడింది, చన్నులు నిండాయి. "చేపిందే! బకీటు తే, జల్ది!" అని అత్తమ్మ అరుస్తుంటే నేను బకీటు తేవడం మరిచి ఏడుస్తూ కూర్చున్నాను.

అది జరిగి ఇరవై ఏళ్ళు దాటింది. కొట్టంలో ఇప్పుడు రెండే బర్రెలున్నాయి, పాలు నేనే పిండుతాను. మొన్న మా అమ్మాయిని వరంగల్‌లో కాలేజీ హాస్టల్లో దింపి వచ్చాం. మర్నాడు అలవాటుగా దాని మంచం మీది బట్టలన్నీ పోగేసి బకీటులో వేశాను. విడిచి వెళ్ళిన నైటీ ఒక్కటే చేతిలో మిగిలింది. సబ్బు పెట్టబోయి, అలాగే ముఖానికి ఆనించుకుని నిలబడిపోయాను.

అత్తమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. నైటీ నా చేతిలోంచి తీసుకుని మెల్లగా వెళ్ళి నా మంచం పక్కన మేకుకు తగిలించింది.

"ఉండనియ్. దసరాకు పిల్ల వస్తది గద, గప్పుడు ఉతుకుదువు గాని."